రంగూన్ పోస్టుకార్డులో ‘కోరంగి’ ఎవరు?

క్లుప్తంగా

వలస పాలన నాటి బొమ్మ పోస్టుకార్డులను ఆ కాలపు జాతుల వైవిధ్యానికి రుజువులుగా ఇప్పుడు విరివిగా చూపిస్తున్నారు. అవి రుజువులే. దేనికి అన్నదే తేలాలి. ఊళ్లో ఎవరెవరు బతికారన్నదానికంటే, దుకాణంలో ఎవరి బొమ్మ అమ్ముడుపోయిందన్నదానికే అవి గట్టి సాక్ష్యం. రంగూన్ (అప్పటి బర్మా, నేటి మయన్మార్‌లోని యాంగోన్) కార్డుల్లో, అక్కడ ‘కోరంగి’ అనిపించుకున్న తెలుగు కూలీలకు దక్కిన చోటు చూస్తే ఈ తేడా తెలుస్తుంది. కార్డు మీద అచ్చయిన జాతి పేరును అన్నిటికన్నా తక్కువ నమ్మాలి. బొమ్మలో అనుకోకుండా పడిన వివరాలను, వెనక వైపును ఎక్కువ నమ్మవచ్చు.

వెనక వైపు లేని బొమ్మలు

పాత పోస్టుకార్డులు ఒకప్పుడు కొద్దిమంది సేకర్తల ముచ్చట. లైబ్రరీలు, మ్యూజియంలు, సేకర్తలు స్కాన్ చేసి పెట్టిన వేల కార్డులు ఇప్పుడు ఫోన్లలో తిరుగుతున్నాయి. అలా చేతులు మారే క్రమంలో ముందుగా పోయేది వెనక వైపు. స్టాంపు, తపాలా ముద్ర, ప్రచురించినవారి పేరు, అచ్చయిన దేశం, ఎవరో ఎవరికో రాసిన నాలుగు ముక్కలు అన్నీ అటువైపే ఉంటాయి. బొమ్మకు కాలాన్నీ చోటునూ ఇచ్చేవి అవే. అవి పోయాక ముందు వైపు కొత్త రాత చేరుతుంది. ‘మావాళ్లు ఇక్కడ వందేళ్ల కిందటే ఉన్నారు, చూడండి’ అని ఒకరు పెట్టిన బొమ్మనే, ‘వీళ్లు బయటినుంచి వచ్చినవాళ్లు, చూడండి’ అని ఇంకొకరు పెడతారు.

దీని పర్యవసానం ఎంత దూరం పోతుందో 2018లో మయన్మార్‌లోనే బయటపడింది. రోహింగ్యా ముస్లింల సంక్షోభంపై ఆ దేశ సైన్యం వేసిన పుస్తకంలో ‘బెంగాలీలు (రోహింగ్యాలను సైన్యం పిలిచే పేరు) దేశంలోకి చొరబడుతున్న దృశ్యం’ అంటూ మసకబారిన నలుపు తెలుపు ఫోటో ఒకటి అచ్చయింది. రాయిటర్స్ వార్తాసంస్థ ఆరా తీస్తే అది 1996లో రువాండా శరణార్థులు టాంజానియా వైపు నడుస్తున్నప్పుడు తీసిన రంగుల ఫోటో అని తేలింది. రంగు తీసేసి, పాతదానిలా చేసి, పేరు మార్చారు. అదే పుస్తకంలోని మరో ఫోటో 1971 నాటి బంగ్లాదేశ్ యుద్ధానిది. తర్వాత సైన్యం పత్రిక పొరపాటు జరిగిందని క్షమాపణ ప్రచురించింది.

అది కావాలని చేసిన మార్పు. పోస్టుకార్డుల సంగతి అంత సూటిగా ఉండదు. అక్కడ బొమ్మ అసలుదే, కాగితం అసలుదే, కింద రాత కూడా ఆనాడు అచ్చయిందే. అయినా ఆ రాతను నమ్మాలా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎందుకో తెలియాలంటే కార్డు ఎలా తయారయ్యేదో చూడాలి.

కార్డు తయారైన దారి

లోకంలో మొదటి తపాలా కార్డు 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో 1879లో పావు అణా కార్డు మొదలైంది. వీటి మీద బొమ్మలు లేవు. ఫోటోలను చవకగా అచ్చువేసే పద్ధతులు కుదిరాక, 1890ల చివరినుంచి బొమ్మ కార్డుల వరద మొదలైంది. మొదట్లో వెనక వైపంతా చిరునామాకే. కబురు రాయాలంటే బొమ్మ పక్కన మిగిలిన ఖాళీలో ఇరికించాలి. 1902లో బ్రిటన్ వెనక వైపును రెండుగా చీల్చి సగం చిరునామాకు, సగం కబురుకు ఇచ్చింది. మిగతా దేశాలు ఒక్కొక్కటే అదే దారి పట్టాయి. దాంతో ముందు వైపు పూర్తిగా బొమ్మ చేతికి వచ్చింది.

రంగూన్‌లో ఈ వ్యాపారానికి రెండు పేర్లు ముఖ్యం. ఒకరు ఫిలిప్ అడాల్ఫ్ క్లియర్. జర్మనీ నుంచి వచ్చి మొదట బర్మా రేవు పట్టణం మౌల్మీన్‌లో, తర్వాత రంగూన్‌లో స్టూడియో నడిపి 1911లో చనిపోయిన ఫోటోగ్రాఫర్. రెండోవారు డి.ఎ. అహూజా. పంజాబీ మూలాలున్న రంగూన్ వ్యాపారి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బర్మా అంటే లోకానికి తెలిసిన రంగుల కార్డుల్లో పెద్ద వాటా అహూజా దుకాణానిదే. అంటే ‘తెల్లవాడి కెమెరా, నల్లవాడి ముఖం’ అనే తేలిక లెక్క ఇక్కడ పనిచేయదు. కెమెరా వెనకా వలసవచ్చిన భారతీయుడు ఉన్నాడు. అయితే కొనేవాళ్లు మాత్రం ఎక్కువగా అధికారులు, సిపాయిలు, మిషనరీలు, ఓడ దిగి రెండు రోజులు ఉండిపోయే ప్రయాణికులు. ఏ బొమ్మ తీయాలో నిర్ణయించింది వాళ్ల జేబే.

అహూజా కార్డులు అచ్చయింది జర్మనీలో. ఫోటో నలుపు తెలుపులో వెళ్లేది, రంగులు పులుముకుని తిరిగివచ్చేది. రంగులు అచ్చువేసే రాతి పలక మీద పనిచేసిన మనిషి బర్మా ముఖం చూసినవాడు కాదు. లుంగీ ఎరుపా, పసుపా అన్నది చాలాసార్లు అతని ఊహే. అందుకే ఈ కార్డుల్లో బట్టల రంగు చూసి ‘ఇది ఫలానా తెగ నేత’ అని తేల్చడం ప్రమాదం. మడత, కట్టు, నగ ఆకారం నమ్మవచ్చు, ఎందుకంటే వాటిని పట్టింది కెమెరా. రంగు వేసింది మనిషి. 1914లో మహాయుద్ధం వచ్చి జర్మనీ అచ్చు ఆగిపోవడంతో ఆ నాణ్యతా పోయింది, ఆ వెల్లువా తగ్గింది.

మనుషులు ‘రకాలు’ అయిన తీరు

ఆ కాలపు కార్డుల్లో ఒక పెద్ద తరగతి ఉంది. ఇంగ్లీషులో దాన్ని ‘నేటివ్ టైప్స్’ అనేవారు. ఒక మనిషి, వెనక తెర లేదా ఖాళీ గోడ, కింద జాతి పేరో వృత్తి పేరో. మనిషి పేరు ఉండదు. బర్మా కార్డుల్లో కరెన్ స్త్రీ, షాన్ పురుషుడు, కచిన్ యువతి, మన దేశపు కార్డుల్లో అయితే ధోబీ, భిస్తీ (నీళ్లు మోసేవాడు), ఆయా. వృత్తి, కులం, ప్రాంతం, మతం, భాష ఏదైనా సరే, ఆ చోట అచ్చయితే చాలు, అదే ‘రకం’.

ఈ అలవాటును పోస్టుకార్డు పుట్టించలేదు. 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాల్లో ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’ అనే ఫోటోల గ్రంథాన్ని ప్రభుత్వమే తెచ్చింది. 1857 తిరుగుబాటు తర్వాత పాలించాల్సిన జనాన్ని పోల్చుకోవాలన్న ఆతృత దాని వెనక ఉంది. 1901 జనగణనకు నాయకత్వం వహించిన హెర్బర్ట్ రిస్లీ ముక్కు కొలతలతో జాతులను తేల్చవచ్చని నమ్మినవాడు. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ దొరికినవాళ్ల తలలూ ముక్కులూ కొలిచి, 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. తెలుగు నాట ఎన్నో కులాల గురించి ఇంగ్లీషులో దొరికే తొలి వివరమైన రాత ఇప్పటికీ అదే. జనగణన చేసిన వర్గీకరణను అణాకు అర్ధణాకు ఇంటింటికీ చేర్చింది మాత్రం పోస్టుకార్డే.

దుకాణంలో ఈ వర్గీకరణ ఎంత వదులుగా ఉండేదో తెలియడానికి ఫ్రెంచి పాలనలోని అల్జీరియా కార్డులు చాలు. అక్కడ ఒకే మోడల్, ఒకే బట్టలు, ఒకే నగలు ఒక కార్డులో బెదూయిన్ యువతిగా, ఇంకో కార్డులో దక్షిణాది యువతిగా, మరోదాంట్లో కబైల్ యువతిగా అమ్ముడుపోయిన సందర్భం పరిశోధకులు బయటపెట్టారు. స్టూడియోకు మోడల్‌ను కూలికి పిలిపించేవారు. నగలు స్టూడియోవి. ‘జాతి’ కూడా స్టూడియోదే అనుకోవాలి.

రంగూన్: సగం ఊరు చట్రం బయట

ఇప్పుడు అసలు ఉదాహరణకు. 1852 యుద్ధం తర్వాత బ్రిటిష్‌వాళ్లు రంగూన్‌ను గళ్ల వీధులతో కొత్తగా కట్టారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక బర్మా బియ్యానికి ఐరోపా సంత దగ్గరైంది. బియ్యం మిల్లులకు, రేవుకు, రంపపు మిల్లులకు కూలీలు కావాలి. బంగాళాఖాతం ఇవతల కూలీలు ఉన్నారు. 1937 ఏప్రిల్ 1న విడదీసేదాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి అది పరదేశ ప్రయాణం కూడా కాదు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమరు ఎక్కి, డెక్కు మీద ఎండా వానా భరించి దిగితే రంగూన్. ఉత్తరాంధ్ర పల్లెల నోట అది ‘రంగం’. కూలీలను కుదిర్చే మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలీ అతని చేతి కిందే.

ఫలితం లెక్కల్లో ఉంది. 1901 నాటికే రంగూన్ జనాభాలో భారతీయులు సగానికి దగ్గరయ్యారు. 1931లో నగర జనాభా 4 లక్షలు ఉంటే అందులో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తంలో వాళ్లు 10 లక్షల పైచిలుకు.

మరి కార్డుల్లో? చుట్ట కాలుస్తున్న బర్మా పడతి, ష్వేడగాన్ పగోడా, బౌద్ధ భిక్షువులు, టేకు దుంగలు పేర్చే ఏనుగులు, కొండ తెగల స్త్రీపురుషులు, మెడకు ఇత్తడి చుట్లు వేసుకున్న పడౌంగ్ స్త్రీలు. వీటికి గిరాకీ ఎంతటిదంటే 1935లో పడౌంగ్ స్త్రీలను ఇంగ్లండు తీసుకెళ్లి బెర్ట్రామ్ మిల్స్ సర్కస్‌లో ప్రదర్శించారు. ఊరిలో సగం ఉన్న భారతీయుడు మాత్రం స్టూడియో తెర ముందు అరుదుగానే నిలబడ్డాడు. అతను కనిపించేది ఎక్కువగా పనిలో, అదీ వేరే దృశ్యంలో భాగంగా. స్ట్రాండ్ రోడ్డు కార్డులో బస్తా మోస్తూ, సూలే పగోడా కార్డులో రిక్షా లాగుతూ.

కారణం ఊహించడం కష్టం కాదు. కొనేవాడు కలకత్తా మీదుగానో మద్రాసు మీదుగానో వచ్చినవాడు. ‘మద్రాసీ’ కూలీని అప్పటికే చూసేశాడు. రంగూన్ నుంచి ఇంటికి పంపాల్సింది ‘అసలు బర్మా’. వలసకూలీ ఆ బొమ్మను పాడుచేస్తాడు. కాబట్టి ఏ కార్డుల కట్టనైనా ముందేసుకుని, ఇందులో బర్మీయులు ఇంతమంది, భారతీయులు ఇంతమంది, కాబట్టి ఊరు ఇలా ఉండేది అని లెక్కగట్టడం తలకిందుల పని. కొండల్లోని చిన్న తెగ దొంతరలో పెద్దగా కనిపిస్తుంది, ఊరిలోని పెద్ద గుంపు కనిపించకుండా పోతుంది.

స్త్రీపురుషుల విషయంలో ఈ వంకర రెండింతలు. రంగం పోయిన తెలుగువాళ్లలో మగవాళ్లే చాలా ఎక్కువ, చాలామంది కొన్నేళ్లకు తిరిగివచ్చేవాళ్లే. కార్డులేమో అందగత్తె అంటే బర్మా స్త్రీ, కండబలం అంటే భారతీయ పురుషుడు అని పంచి పెట్టాయి. బర్మా పురుషుడి పనీ, తెలుగు స్త్రీ ఉనికీ రెండూ మరుగునపడ్డాయి.

పోయిన రేవు పేరు, పరాయివాళ్ల మీద

బర్మాలో తెలుగు కూలీని ‘కోరంగి’ అనేవారు. ఇంగ్లీషు నివేదికల్లోనూ అదే మాట. గోదావరి పాయ ఒడ్డున కాకినాడకు దగ్గర్లోని కోరంగి రేవు నుంచి వచ్చిన పేరు అది. విచిత్రమేమిటంటే 1839 తుపాను ఆ రేవును దెబ్బతీసింది, ఇసుక మేటలు మిగతా పని పూర్తిచేశాయి. కూలీల వలస ఉధృతమయ్యే నాటికి వ్యాపారం కాకినాడకు మారిపోయింది. ఓడలు రాని రేవు పేరు, ఆ రేవు ముఖం చూడని శ్రీకాకుళం, విశాఖ పల్లెల మనుషులకు సముద్రం అవతల జాతి పేరైంది.

మలయా, సింగపూర్ కార్డుల్లో ఇంకో తమాషా. అక్కడ దక్షిణ భారతీయుల బొమ్మల కింద ‘క్లింగ్’ అని ఉంటుంది. కళింగం నుంచి వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకునే మాట. ఆ బొమ్మల్లోని మనుషులు మాత్రం చాలావరకు తమిళులు. తెలుగు తీరపు పాత పేరు తమిళుడి మీద, తెలుగు రేవు పేరు ఆ రేవుతో సంబంధం లేని తెలుగువాడి మీద పడ్డాయన్నమాట. ఈ రెండు మాటలూ తర్వాత తిట్లుగా మారాయి. ‘క్లింగ్’ అని రాసిన కార్డును పట్టుకుని ‘సింగపూర్‌లో తెలుగువారి ఆనవాలు’ అని పంచుకునే ముందు ఈ సంగతి గుర్తుండాలి. తెలుగువాళ్లు అక్కడా ఉన్నారు, కానీ ఆ కార్డు అందుకు సాక్ష్యం కాదు.

స్టూడియో తెర, వీధి మలుపు

బర్మాలో ఐసీఎస్ (ఇండియన్ సివిల్ సర్వీస్) అధికారిగా పనిచేసిన జె.ఎస్. ఫర్నివాల్ ఆ సమాజానికి ‘ప్లూరల్ సొసైటీ’ అని పేరు పెట్టాడు. రకరకాల జనం పక్కపక్కనే ఉంటారు, సంతలో కలుస్తారు, ఒక్కటి మాత్రం కారు. పనులు కూడా అలాగే పంపిణీ అయ్యాయి. నదిలో సంపాన్ అనే చిన్న పడవకు తెడ్డు వేసేది చిట్టగాంగ్ మనిషి. వడ్డీ వ్యాపారం చెట్టియార్‌ది. రేవులో బస్తా, వీధిలో రిక్షా ఎక్కువగా తెలుగువాడివి.

టైప్ కార్డు ఈ సిద్ధాంతానికి ముందే గీసిన బొమ్మలా ఉంటుంది. ఒక్కొక్కరినీ విడదీసి, తెర ముందు నిలబెట్టి, పేరు తగిలిస్తుంది. వీధి కార్డు అలా చేయలేదు. మొగల్ స్ట్రీట్‌నో డల్హౌసీ స్ట్రీట్‌నో తీయబోతే అందరూ పడతారు. ఒకే చట్రంలో గుడి గోపురం, మసీదు మినారు, చైనా దుకాణం, మూడు లిపుల సైన్‌బోర్డు ఉండవచ్చు. ఫోటోగ్రాఫర్ తీయాలనుకున్నది భవనాన్ని, పడింది జనం. వైవిధ్యం మీద నమ్మకమైన సమాచారం అలా పొరపాటున పడిన చోటే దొరుకుతుంది. స్కాన్‌ను పెద్దది చేసి సైన్‌బోర్డు చదవడం, కింద రాసిన జాతి పేరు చదవడం కంటే చాలాసార్లు లాభం.

ఇక్కడా ఒక మెలిక ఉంది. రిక్షా లాగుతున్నాడు కాబట్టి తెలుగువాడే అనడం బొమ్మ చెప్పిన మాట కాదు, జనగణన చెప్పిన మాటను బొమ్మలో చూడటం. దాన్నే మళ్లీ తిప్పి జనగణనకు రుజువుగా వాడితే చక్రంలో తిరిగినట్టే.

రెండు రకాల కార్డులూ చూపలేనిది కలిసిన కుటుంబాలను. భారతీయ ముస్లిం పురుషులకూ బర్మా స్త్రీలకూ పుట్టినవారిని ‘జెర్బాదీ’ అని జనగణన వేరే గడిలో వేసింది. తెలుగు కూలీలూ బర్మా స్త్రీలను చేసుకుని అక్కడే నిలిచిపోయిన సందర్భాలు ఉన్నాయి. శుద్ధమైన రకాలను అమ్మే దుకాణంలో ఈ బిడ్డల బొమ్మకు గిరాకీ ఉండదు. ఫర్నివాల్ గమనించిన ఎడం నిజమే అయినా, కార్డులు దాన్ని ఉన్నదానికంటే నిక్కచ్చిగా చూపిస్తాయి.

అలాగని కలివిడి బొమ్మను చూసి ఊరంతా సఖ్యంగా ఉందనుకోనక్కర్లేదు. కార్డుల్లో అలంకారంలా కనిపించే ఆ రేవులోనే 1930 మే నెలలో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మీయులను పనిలోకి దించారు. రాజీ కుదిరాక ఆ బర్మీయులను పొమ్మన్నారు. అక్కడ మొదలైన కొట్లాట రోజుల తరబడి సాగింది, భారతీయులు పెద్ద సంఖ్యలో చనిపోయారు. ఈ పోటీ, ఈ కసి ఏ కార్డు మీదా అచ్చు కాలేదు.

కాలం తేల్చడం

కార్డు ఏనాటిదో తేలకుండా దాని గురించి ఏమీ చెప్పలేం. ఇందుకు కొన్ని గట్టి ఆధారాలు ఉన్నాయి. రంగూన్‌లో విద్యుత్ ట్రాములు 1906లో వచ్చాయి. వీధి మీద కరెంటు ట్రాము ఉంటే బొమ్మ అంతకు ముందుది కాదు. స్టాంపు మీద ఏడో ఎడ్వర్డ్ ఉన్నాడా, 1910లో గద్దెనెక్కిన అయిదో జార్జ్ ఉన్నాడా, ‘బర్మా’ అని పైన అచ్చుకొట్టిన 1937 స్టాంపా అన్నది చూడాలి. ‘ప్రింటెడ్ ఇన్ జర్మనీ’ అని ఉంటే ఎక్కువగా 1914కు ముందుది. అయితే ఇవన్నీ కార్డు కాలాన్ని చెబుతాయి, ఫోటో కాలాన్ని కాదు. స్టూడియోలు పాత నెగటివ్‌ను ఇరవై ఏళ్ల తర్వాత కూడా కొత్త కార్డుగా వేసేవి. 1890ల మనిషి 1910ల రంగుల్లో తిరుగుతూ ఉండవచ్చు.

వెనక రాసిన కబురుకు చరిత్రకారులు ఈ మధ్య ఎక్కువ విలువ ఇస్తున్నారు. చాలావరకు అవి వాతావరణం, ఓడ ఎప్పుడు బయలుదేరుతుంది, క్రిస్మస్ శుభాకాంక్షలు. ముందున్న మనిషి గురించి ఒక్క ముక్క ఉండదు. ఆ మౌనం కూడా సమాచారమే. జాతుల బొమ్మలు అప్పటికి ఎంత మామూలు సరుకైపోయాయో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఈ వాదం ఇప్పుడెందుకు ముదిరింది

మయన్మార్ 1982 పౌరసత్వ చట్టం ‘దేశీయ జాతి’ కావడానికి 1823ను గీతగా పెట్టింది. అంటే మొదటి ఆంగ్లో-బర్మా యుద్ధానికి ముందు సంవత్సరం. అంతకుముందే అక్కడ ఉన్నట్టు చూపగలిగిన జాతులకు ఒక హోదా, తర్వాత వచ్చినట్టు తేల్చినవారికి ఇంకో హోదా. అధికారిక జాబితాలో 135 జాతులు ఉన్నాయి, రోహింగ్యాలు లేరు, భారతీయ మూలాలవారు లేరు. గీత అంత వెనక్కి ఉన్నప్పుడు 1900ల పోస్టుకార్డు చట్టం ముందు ఎవరికీ పనికిరాదు. ఫోటోగ్రఫీయే ఆ గీత తర్వాత పుట్టింది. అయినా ప్రచారంలో మాత్రం పాత బొమ్మకు బలం తగ్గలేదు. జాబితాలోని పేర్లకూ ఆనాటి జనగణన గడులకూ చుట్టరికం ఉంది. ఆ గడులకు ముఖాలు అతికించిన కార్డులు చూడగానే జాబితా అనాదిగా ఉన్నట్టే అనిపిస్తుంది.

తెలుగు వైపు లెక్క వేరు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు ఓడల్లో, కాలినడకన బర్మా వదిలారు. 1962లో సైన్యాధిపతి నె విన్ అధికారానికి వచ్చి వ్యాపారాలను జాతీయం చేశాక మరో విడత తిరిగివచ్చింది. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేట ఆ రాకకు మిగిలిన గుర్తు. ఇలా వచ్చిన కుటుంబాల చరిత్ర రాయాలనుకునేవారు తేలిగ్గా దొరుకుతాయని వేలం వెబ్‌సైట్లలోని అహూజా కార్డులనే ముందు పట్టుకుంటున్నారు. ఇళ్లల్లో మిగిలిన ఫోటోలను పక్కన పెడితేగానీ తేడా తెలియదు. ఇంటి ఫోటోలో డబ్బులిచ్చింది దిగిన మనిషే, చొక్కా ఎంచుకున్నది అతనే, వెనక పేరు ఉంటే అది అతని పేరే. రేవు కార్డులో బస్తా మోసే మనిషికి మాత్రం కింద ఉన్నది, ఓడలు రావడం మానేసిన ఒక రేవు పేరు.